శీతపరీక్ష

'పరీక్ష' అనే మాట వినగానే విద్యార్థికి మార్చి నెల, హాల్‌టికెట్టు, నిద్రలేని రాత్రులు గుర్తుకు వస్తాయి. ఆ మాట పుట్టిననాడు దానికి ఇంత భయం అంటుకొని లేదు. 'పరి' అంటే అంతటా, చుట్టూ. 'ఈక్షణం' అంటే చూడడం. ఒక వస్తువును అన్ని వైపుల నుండి నిదానించి చూడడమే పరీక్ష. బంగారాన్ని ఒరగల్లుపై గీసి చూసే కంసాలి పరీక్షకుడే. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి రాశి నుండి గుప్పెడు దూది తీసి, పింజను వేళ్ల మధ్య సాగదీసి చూసే వ్యాపారీ పరీక్షకుడే. అయితే కావ్యాలలోని అగ్నిపరీక్ష మన మనస్సులలో గాఢంగా ముద్రపడిపోయింది. అందువల్ల పరీక్ష అనగానే నిప్పులలో దూకడం, బయటపడడమో కాలిపోవడమో తేలిపోవడం అనే ఒక్క తీర్పే మనకు స్ఫురిస్తుంది. నేనిక్కడ ప్రస్తావించబోయేది అందుకు భిన్నమైన మరొక పరీక్షను. అది నిప్పుతో కాక చలితో చేసేది. నేను భౌతికశాస్త్రం చదివినవాడను కాను. అయినా ఆ పరీక్షలోని న్యాయం తెలిసిన నాటి నుండి, మన పరీక్షల తీరును గురించి నా అభిప్రాయం మారింది.

చలి అంటే మంత్రాలయం, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి పెద్దగా పరిచయం లేదు. వైశాఖమాసపు మధ్యాహ్నం తుంగభద్ర ఒడ్డున రాతిబండలపై పాదం మోపలేము. అప్పుడు మనకు తెలిసిన చల్లదనమంతా కుండలోని నీళ్లదే. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమ్మగిల్లి, బయటి గాలి తగిలి ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు కావలసిన వేడిని అది లోపలి నీటి నుండే తీసుకుంటుంది. అందుచేత మిగిలిన నీరు చల్లబడుతుంది. మన పడమటి మండలాల గాలి పొడిగా ఉంటుంది కనుక ఇక్కడ కుండనీరు చల్లగా ఉంటుంది. సముద్రతీరపు ఊళ్లలో గాలి ముందే తేమతో నిండి ఉండటంవల్ల అదే కుండ అంత బాగా పని చేయదు. ఆవిరిని ఎంత త్వరగా తొలగిస్తే అంత చల్లదనం. ఈ చిన్న సూత్రాన్ని జ్ఞాపకం పెట్టుకోండి.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దులో జెనీవా నగరం వద్ద, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయాకారపు సొరంగం ఉంది. ఐరోపా దేశాల ఉమ్మడి పరిశోధన సంస్థ అయిన సెర్న్ అందులో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యంత్రాన్ని నిర్మించింది. ప్రోటాన్లనే సూక్ష్మకణాలను కాంతివేగానికి అతి సమీపమైన వేగంతో ఎదురెదురుగా నడిపించి ఢీకొట్టించడం దాని పని. హిగ్స్ బోసాన్ అనే కణాన్ని కనుగొన్నామని శాస్త్రజ్ఞులు 2012 జులై 4న ప్రకటించినది ఈ యంత్రం మూలంగానే. ఆ వార్త పత్రికలన్నింటిలోనూ వచ్చింది. ఆ కణాలను దారి తప్పకుండా వలయంలో తిప్పిన అయస్కాంతాల సంగతి మాత్రం చాలా తక్కువమందికి తెలుసు.

తనంతట తాను వదిలిపెడితే కణం తిన్నగా పోతుంది. దాని దారిని వంచడానికి బలమైన అయస్కాంతం కావాలి. ఆ సొరంగంలో అటువంటి ప్రధాన అయస్కాంతాలు 1232 ఉన్నాయి. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, సుమారు 35 టన్నుల బరువు. పూర్తిస్థాయిలో పని చేయాలంటే వాటి తీగచుట్టలలో దాదాపు 12,000 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించాలి. మన ఇంటి ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు. అంతటి ప్రవాహాన్ని మామూలు తీగ భరించలేదు. నిరోధంవల్ల పుట్టే వేడికి కరిగిపోతుంది. నిరోధమే లేని తీగ కావాలి. కొన్ని లోహాలను మితిమీరి చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుందని 1911లో హాలండు దేశస్థుడైన కామర్లింగ్ ఆన్స్ పాదరసంలో కనుగొన్నాడు. ఆ గుణాన్నే అతివాహకత అంటారు. జెనీవా అయస్కాంతాలలోని తీగలు నియోబియం, టైటానియం లోహాల మిశ్రమం. వాటిని 1.9 కెల్విన్‌ల వద్ద, అంటే సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దిగువన 271 డిగ్రీల వద్ద ఉంచుతారు. నక్షత్రాల నడుమ ఉండే శూన్యాకాశం కూడా అంతకంటె కొంచెం వెచ్చగానే ఉంటుంది.

ఇంతటి శీతలానికి సాధనం ద్రవ హీలియం. ఈ హీలియం చరిత్రలో మన తెలుగునేలకు ఒక స్థానం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిది చేసి, సూర్యబింబం అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుండి పరిశీలించాడు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో లాకియర్ సూర్యకాంతిలోని ఒక పసుపుపచ్చని గీతను పరిశీలించి, అది భూమిపై తెలిసిన ఏ మూలకానికీ చెందినది కాదని భావించాడు. గ్రీకు భాషలో సూర్యుని పేరైన 'హీలియోస్' నుండి ఆ కొత్త మూలకానికి పేరు వచ్చింది. 1895లో రామ్సే దానిని భూమిపైన కనుగొనేవరకు అది సూర్యునిలో మాత్రమే ఉన్న పదార్థం. సూర్యుని పేరు ధరించిన మూలకం లోకంలోకెల్లా చల్లని ద్రవమై కూర్చోవడం చూస్తే, విరోధాభాసాలంకారానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

మొదట ద్రవ నత్రజనితో అయస్కాంతాలను కొంతవరకు చల్లబరచి, తరువాత హీలియంతో నింపుతారు. వలయం మొత్తానికి పదివేల టన్నుల నత్రజని, 120 టన్నుల హీలియం కావలసి వచ్చాయి. హీలియం మామూలు పీడనంలో 4.2 కెల్విన్‌ల వద్ద మరుగుతుంది. అంతకంటె కిందికి దిగడానికి చేసేది మన కుండ చేసే పనే. అయస్కాంతం పొడవునా సాగే ఒక గొట్టంలో కొంత హీలియంను ఉంచి, దానిపై ఉన్న ఆవిరిని యంత్రాలతో అదేపనిగా తోడివేస్తారు. గొట్టంలోని ద్రవం ఆవిరవుతూ, చుట్టూ ఉన్న హీలియం నుండి వేడిని లాగుకుంటుంది. పొడిగాలి కుండకు చేసే ఉపకారాన్ని ఇక్కడ పంపులు చేస్తాయన్నమాట. 2.17 కెల్విన్‌ల కంటె దిగువకు వచ్చేసరికి హీలియం వింత స్వభావం పొందుతుంది. ఏ సన్నని సందులోనైనా ఆటంకం లేకుండా పారుతుంది. వేడిని అద్భుతంగా చేరవేస్తుంది. తీగచుట్టల నడుమకు చొరబడి ప్రతి పోగునూ చల్లబరచగలగడం ఆ గుణంవల్లనే.

ఇక పరీక్ష విషయం. ఈ అయస్కాంతాలను ఐరోపాలో మూడు చోట్ల పరిశ్రమలు తయారు చేశాయి. జెనీవా చేరిన ప్రతి అయస్కాంతాన్నీ సొరంగంలోకి దించకముందు ఎస్.ఎం.18 అనే శాలలో చల్లబరచి పరీక్షించారు. అక్కడ పన్నెండు పరీక్షావేదికలు ఉండేవి. అయస్కాంతాన్ని వేదికకు బిగించడం, చుట్టూ గాలి లేకుండా చేయడం, చల్లబరచడం, విద్యుత్తును మెల్లగా పెంచుతూ పోవడం, లోపల తిరిగే తీగచుట్టలతో అయస్కాంతక్షేత్రాన్ని పదివేలలో ఒక వంతు తేడా కూడా తెలిసేటట్లు కొలవడం, మళ్లీ వెచ్చబరచి విప్పడం - ఇదీ వరుస. రాత్రింబవళ్లు సాగిన ఈ పని 2007 తొలినాళ్లలో ముగిసింది. దానిలో పెద్ద భాగాన్ని మోసినవారు మన దేశపు ఇంజనీర్లు. భారత అణుశక్తి విభాగం సెర్న్‌తో చేసుకున్న ఒప్పందం మేరకు, మన ప్రయోగశాలల నుండి కొందరు చొప్పున వెళ్లి, సుమారు ఏడాది పాటు వంతుల వారీగా పని చేసి తిరిగి వచ్చేవారు. అదంతా కలిపితే వందమంది ఒక సంవత్సరం చేసే శ్రమ. ప్రధాన అయస్కాంతాల లోపాలను సవరించే చిన్న అతివాహక అయస్కాంతాలను పదిహేడు వందలకు పైగా ఇండోరులోని సంస్థ సమకూర్చింది. నేడు దానిని రాజా రామన్న కేంద్రం అంటున్నాము.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆ పరీక్షలో అయస్కాంతాలు ప్రవర్తించే తీరు. కొత్త అయస్కాంతంలో విద్యుత్తును పెంచుతుంటే, దానిలో పుట్టే బ్రహ్మాండమైన బలానికి ఎక్కడో ఒక తీగ కంటికి కనిపించనంత సూక్ష్మంగా జరుగుతుంది. ఆ రాపిడికి రవ్వంత వేడి పుడుతుంది. అంత శీతలంలో ఆ రవ్వంత వేడే చాలు. అక్కడ తీగ అతివాహకగుణాన్ని కోల్పోతుంది, నిరోధం మేల్కొంటుంది, వేడి పక్కలకు పాకుతుంది. దీనిని ఇంజనీర్లు 'క్వెంచ్' అంటారు. మన పరిభాషలో చెప్పాలంటే అయస్కాంతం తప్పింది. అయితే తప్పిన అయస్కాంతాన్ని అవతల పారవేయరు. మళ్లీ చల్లబరచి మళ్లీ విద్యుత్తు పంపుతారు. జరిగిన తీగ ఈసారి మరింత గట్టిగా తన చోట కుదురుకొని ఉంటుంది. అందువల్ల అయస్కాంతం మునుపటి కంటె ఎక్కువ ప్రవాహాన్ని తట్టుకుంటుంది. ఇంకొకసారి తప్పితే మరికొంత మెరుగవుతుంది. ఈ క్రమానికి వారు పెట్టుకున్న పేరు 'శిక్షణ'. సంస్కృతంలో శిక్ష అంటే విద్య. తెలుగులోకి వచ్చేసరికి అది దండన అయి కూర్చుంది. జెనీవా ఇంజనీర్లకు తెలియకుండానే ఆ మాట తన పాత అర్థానికి తిరిగి చేరింది.

ఎన్నిమార్లు తప్పినా మెరుగుపడనివి కొన్ని ఉంటాయి. వాటిని విప్పి బాగుచేయడానికి వెనుకకు పంపారు. ఒకసారి నేర్చినది మళ్లీ వెచ్చబరచగానే కొంత మరచిపోయేవీ ఉన్నాయి. 2015లో యంత్రాన్ని హెచ్చు శక్తితో నడపడానికి సిద్ధం చేసినప్పుడు, ఏనాడో పరీక్షలో నెగ్గి సొరంగంలో చేరిన అయస్కాంతాలే మళ్లీ మొత్తం నూట యాభై మార్లకు పైగా తప్పవలసి వచ్చింది. దానిని ఎవరూ అవమానంగా భావించలేదు. లెక్కలో ముందే రాసుకున్నారు.

తప్పిన అయస్కాంతాన్ని కాపాడే ఉపాయం మరింత చిత్రమైనది. ఒక అయస్కాంతంలో నిలువ ఉండే శక్తి అంతా వేడిగా మారి ఒక్కచోటనే పడితే ఆ తీగ కరిగిపోతుంది. అందుకని ఒకచోట వేడి పుట్టిందని తెలిసిన మరుక్షణమే, అయస్కాంతం పొడవునా అమర్చిన పట్టీలకు విద్యుత్తు పంపి, తక్కిన తీగలను కూడా కావాలనే వేడి చేస్తారు. అప్పుడు భారం అందరికీ పంచబడి ఏ ఒక్కచోటా ప్రమాదం జరగదు. ఈ పట్టీలకు విద్యుత్తు అందించే పరికరాలు 5,500 వరకు మన దేశం నుండే వెళ్లాయి. ఇటువంటి రక్షణ పరికరాల తయారీలో హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థకూ పాలున్నది. హిగ్స్ పేరు తెలిసిన తెలుగు విద్యార్థులలో ఈ విషయం తెలిసినవారు ఎందరు?

ఇంతగా పరీక్షించిన యంత్రం 2008 సెప్టెంబరు 10న మొదటిసారి కణాలను తిప్పింది. తొమ్మిది రోజులు గడిచాయి. 19వ తేదీన, వలయంలోని ఎనిమిది భాగాలలో మిగిలిన ఒకదానిలో విద్యుత్తును పెంచుతుండగా, 8,700 ఆంపియర్ల వద్ద ఒకచోట మెరుపు వంటి విద్యుత్ చాపం పుట్టి హీలియం గొట్టాన్ని ఛేదించింది. ఆరు టన్నుల హీలియం వెలికి పొంగింది. ఆ ఒత్తిడికి పదుల టన్నుల అయస్కాంతాలు తమ పీఠాల నుండి కదిలిపోయాయి. సొరంగంలో మనుషులు లేరు కనుక ప్రాణహాని జరగలేదు. 53 అయస్కాంతాలను పైకి తీయవలసి వచ్చింది. యంత్రం మళ్లీ నడిచేసరికి 2009 నవంబరు అయింది.

లోపం అయస్కాంతాలలో లేదు. రెండు అయస్కాంతాల నడుమ, సొరంగంలోనే టంకం వేసి కలిపిన ఒక అతుకులో ఉంది. ఓములో వందకోట్ల వంతు కంటె తక్కువ ఉండవలసిన నిరోధం, ఆ ఒక్క అతుకులో అంతకు వందల రెట్లు ఉండినదని విచారణలో అంచనా వేశారు. ప్రతి అయస్కాంతమూ ఎస్.ఎం.18 శాలలో పన్నెండు వేదికలలో ఏదో ఒకదాని మీద నెగ్గినదే. అతుకు మాత్రం ఏ వేదికనూ ఎక్కలేదు; ఎక్కే అవకాశమూ లేదు, అది పుట్టినదే సొరంగంలో. సెర్న్ ఈ సంగతిని దాచలేదు. కొద్ది వారాలలోనే నివేదిక ప్రకటించి, తప్పు ఎక్కడ జరిగిందో లోకానికి తెలిపింది.

ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఈ కథ చెబితే ఆశ్చర్యపోరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఊరు అది. మగ్గంపై పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతారు. నూలు ఎంత మేలైనదైనా సరే, అతుకు వదులైతే అచ్చులో నుండి సాగేటప్పుడు పోగు తెగుతుంది. అందుకే అతికినవారు ప్రతి ముడినీ వేలితో సవరించి చూసుకుంటారు. 'అతుకుల బొంత' అని మనం తేలికగా అనేస్తాము గాని, బొంతలో బరువు మోసేది అతుకే.

నా అభిప్రాయంలో మన చదువుల వ్యవస్థకు వచ్చిన చిక్కు సరిగ్గా ఇటువంటిదే. పదవ తరగతికి పరీక్ష ఉంది. ఇంటర్మీడియట్‌కు పరీక్ష ఉంది. డిగ్రీకి, ఉద్యోగానికి వేరువేరు పరీక్షలున్నాయి. ఒక్కొక్క తరగతి తన వేదికపై నెగ్గుతున్నది. ఒకదానికి ఒకటి కలిసే చోట ఏమవుతున్నదో చూసేవారు లేరు. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చక్కగా ముగించిన పిల్లవాడు, ఇంటర్ మొదటి నెలలో ఇంగ్లీషులో ఉన్న భౌతికశాస్త్ర పుస్తకం తెరిచి మూగబోవడం నేను ఏటేటా చూస్తున్నాను. వాడికి శాస్త్రం రాదనుకుంటారు. నిజానికి వాడు తప్పింది శాస్త్రంలో కాదు, అతుకులో. వానలు లేని ఏడాది కుటుంబం పనులకోసం వలసపోతే, తల్లిదండ్రులతో నాలుగు నెలలు ఊరు విడిచి తిరిగి వచ్చిన బాలికదీ ఇదే స్థితి. ఆమె హాజరుపట్టీలో ఖాళీ గడులు కనిపిస్తాయి గాని, ఆ ఖాళీకి రెండు వైపులా ఉన్న పాఠాలను కలిపే పని ఎవరి విధులలోనూ రాసి లేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మన పరీక్ష ఒకసారి తప్పినవారిని 'తప్పినవారు' అనే జాతిగా చూస్తుంది. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది నిజమే. అయితే మొదటిసారి ఎక్కడ జారారో, ఏ తీగ కదిలిందో చెప్పే ఏర్పాటు లేకుండా రెండవసారి కూర్చోబెట్టడం శిక్షణ అనిపించుకోదు. జెనీవాలో ప్రతి క్వెంచ్‌కూ అది పుట్టిన చోటును, ప్రవాహాన్ని, క్షణాన్ని నమోదు చేసేవారు. మనకు మిగిలేది అంకె ఒక్కటే. పరీక్షలు వద్దని నేను అనడం లేదు. పరీక్షలు తగ్గితే కష్టాలు తీరుతాయనే వాదం నాకు రుచించదు. 1232 అయస్కాంతాలలో ఒక్కదానినైనా పరీక్షించకుండా దించడానికి అక్కడ ఎవరూ సాహసించలేదు. చూడవలసినంత చూడకపోవడమే నా అభ్యంతరం.

తాగునీటికే కటకటలాడే మండలాలలో కూర్చొని, జెనీవా సొరంగంలోని చలిని గురించి చదవడం ఎందుకని మీలో ఒకరు అడగవచ్చు. తప్పక అడగవలసిన ప్రశ్న. మన పెద్ద ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. అనే యంత్రం ఉంటుంది. మెదడులోని గడ్డను కత్తి పెట్టకుండా చూపిస్తుంది. రోగిని పడుకోబెట్టే ఆ గుండ్రని గుహ చుట్టూ ఉన్నది సాధారణంగా అతివాహక అయస్కాంతమే; దాని తీగలూ నియోబియం, టైటానియం మిశ్రమమే; దానిని చల్లగా ఉంచేదీ ద్రవ హీలియమే. అది కూడా అప్పుడప్పుడు తప్పుతుంది. అప్పుడు ఆవిరైన హీలియం బయటకు పోవడానికి ప్రత్యేకంగా ఒక గొట్టం అమర్చి ఉంచుతారు. ఆ యంత్రాన్ని చూసుకోవడానికి ఈ విషయాలు తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి ఆదోనివాడు కాకూడదని ఎక్కడా లేదు.

2008 తరువాత అతుకులను పరీక్షించే కొత్త విధానాలు వచ్చాయి. 2013, 2014 సంవత్సరాలలో యంత్రాన్ని ఆపివేసి పదివేలకు పైబడిన అతుకులను తెరిచి చూశారు. బలహీనమైనవాటిని విప్పి మళ్లీ అతికారు. ఒక అతుకు చెడినా విద్యుత్తుకు పక్కదారి ఉండేటట్లు రాగిపలకలు జోడించారు. ఇప్పుడు మరింత బలమైన అయస్కాంతాలు సిద్ధమవుతున్నాయి. వాటిలో కొన్నింటి తీగలు నియోబియం, తగరాల సమ్మేళనం. పెంకులా పెళుసైన పదార్థం. 2030 నాటికి వాటితో యంత్రం పని ప్రారంభించాలని సంకల్పం. ఆ అయస్కాంతాలను ఒక్కొక్కటిగా పరీక్షించి ఊరుకోవడం లేదు. ఎస్.ఎం.18 శాలలోనే, సొరంగంలో ఏ వరుసలో ఉండబోతాయో అదే వరుసలో నేలమీద పేర్చి, ఒకదానికొకటి అతికి, మొత్తాన్ని ఒక్కటిగా 1.9 కెల్విన్‌లకు చల్లబరచి చూసే ఏర్పాటు చేశారు. ఈసారి సొరంగంలోకి దిగేవారు అతుకులు వేయడమూ, వాటిని చలిలో చూడడమూ అక్కడే ఒకసారి చేసి మరీ దిగుతారు.